పైన్ అడవిలో వేసిన జువ్వ

మొదటి దెబ్బ తిర్సో మూతి మీద పడింది. రెండు పళ్ళు ఊడి నాలుక మీదికి వచ్చాయి. వాటిని ఉమ్మేలోపే రెండో దెబ్బ డొక్కలో దిగింది. మనిషి వెల్లకిలా పడిపోయాడు.

కొట్టినవాడి పేరు ఒస్వాల్దో. కింద పట్నం మనిషి, ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. ఇద్దరు స్నేహితుల్ని, ఒక నల్ల కుక్కని వెంటబెట్టుకుని ఆదివారం అడవి చూడటానికి వచ్చాడు. పొద్దున గేటు దగ్గర వాళ్ళను లోపలికి పంపింది తిర్సోయే. ఊరంతా కలిసి కాపాడుకుంటున్న అడవికి అతను పదిహేనేళ్ళుగా కాపలాదారు. వచ్చినవాళ్ళందరికీ చెప్పేదే వాళ్ళకీ చెప్పాడు. తెల్లరాళ్ళ బాట దిగొద్దు. కుక్క గొలుసు విప్పొద్దు. చెట్లకు కట్టిన బంక చిప్పలు ముట్టుకోవద్దు. అగ్గిపెట్టెలు, లైటర్లు ఇక్కడిచ్చి, వెళ్ళేటప్పుడు తీసుకోండి. అది ఏప్రిల్ నెల. వాన పడి ఆరు నెలలు దాటింది. అడుగు వేస్తే చీలమండ దాకా ఎండిన పైన్ ఆకులే.

లైటర్లు మూడూ ఇచ్చేశారు.

"జేబులు కూడా తడుముతావా తాతా? నాకు చక్కిలిగిలి ఎక్కువ," అన్నాడు ఒస్వాల్దో.

"నవ్వుకో. నవ్వుకి ఇక్కడ అడ్డం లేదు," అని తిర్సో జేబులు తడిమే చూశాడు. ఇంకేం దొరకలేదు.

కుక్క మాట మాత్రం వాళ్ళు చెవిని పెట్టలేదు. మధ్యాహ్నం అరుపు విని తిర్సో పరుగెత్తి వెళ్ళేసరికి ఆ కుక్క ఒక చూలు లేడి గొంతు పట్టుకుని ఉంది. లేడి కాళ్ళు తన్నుకుంటున్నాయి. కడుపులో పిల్ల కదలడం చర్మం పైకే తెలుస్తోంది. తిర్సో మచ్చుకత్తి తిరగేసి, మొద్దువైపుతో కుక్క నడుం మీద బలంగా ఒక్కటి వేశాడు. నడుం విరిగింది. కుక్క గొంతు వదల్లేదు. రెండోసారి వేస్తే వదిలింది, దాంతోపాటే చచ్చింది. లేడి అంతకు ముందే పోయింది.

అప్పుడు పడ్డాయి దెబ్బలు.

"మూడేళ్ళు పెంచానురా దాన్ని, ముసలి వెధవా," అంటూ ఒస్వాల్దో తన్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, కాలు మాత్రం ఆగడం లేదు.

"లేడిని మేమూ పెంచాం," అన్నాడు తిర్సో నెత్తురు మింగుతూ.

"అడవి నీ అబ్బ సొమ్మా?"

"మా అందరి అబ్బల సొమ్ము."

ఆ మాటకి ఒస్వాల్దో రెండు చేతులా ఒక రాయి ఎత్తి తిర్సో మోకాలి మీద వేశాడు. చిప్ప పగిలిన చప్పుడు తిర్సోకే వినిపించింది. స్నేహితులిద్దరూ భయపడి బండి వైపు పరుగు తీశారు. ఒస్వాల్దో పోలేదు. కర్ర ఒకటి విరిచి, చెట్టు చెట్టుకీ కట్టిన మట్టి చిప్పల్ని పగలగొట్టుకుంటూ పైకి నడిచాడు.

అవి తిర్సో చెట్లు. రెండువందల నలభై. ఊరు పంచిన వంతుగా తండ్రి నుంచి వచ్చాయి. చెట్టు ఒళ్ళు సన్నగా కోసి, కింద చిప్ప కట్టి, వారం వారం బంక తీసుకోవడమే అతని బతుకు. ఒక్కో చిప్పా పగులుతుంటే తన పళ్ళే రాలుతున్నట్టుంది.

ఆ కొండల్లో మనుషుల్ని పిలవాలంటే తారాజువ్వే. పెళ్ళికి జువ్వ, చావుకి జువ్వ, దొంగలు పడితే వరసగా మూడు జువ్వలు. కాపలా తిరిగే ప్రతివాడి వీపు సంచిలో మూడు ఉంటాయి. ఎండాకాలంలో మాత్రం వాటిని అడవి నడుమ నల్లరాతి బండ మీద నిలబడే వేయాలి. అక్కడ గడ్డి కూడా మొలవదు. బండ ఇంకా నాలుగువందల అడుగులుంది. తిర్సో మోచేతుల మీద పాకాడు. కొంత దూరం పోయేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. పైన మళ్ళీ చిప్ప పగిలింది, దాని వెనకే ఇంకొకటి.

అతను పాకడం మానేశాడు. పొద్దున వాళ్ళ దగ్గర తీసుకున్న లైటర్లలో ఒకటి సంచిలోంచి తీశాడు.

మొదటి జువ్వ నిటారుగా లేచి ఆకాశంలో పేలింది. రెండోదీ అంతే. మూడోది కొమ్మకు తగిలి పక్కకు తిరిగి, మండుతూనే పోయి ఒక చెట్టు కోత మీద పడింది. కోత నిండా బంక. చెట్టు బుస్సుమని అంటుకుంది.

తిర్సో చొక్కా విప్పి పాకుతూ పోయి మంటను బాదాడు. చొక్కా కాలింది, అరచేతులు కాలాయి. గాలి వీస్తోంది. పది నిమిషాల్లో మంట కొమ్మల మీదికెక్కి చెట్టు నుంచి చెట్టుకు దూకడం మొదలెట్టింది. ఒంటికి నిప్పంటుకున్న ఉడుతలు పొదల్లోకి పరిగెత్తాయి. అవి దూరిన ప్రతి పొదా అంటుకుంది.

జువ్వలు విని ఊరు కదిలింది. నాలుగు లారీల నిండా జనం, పారలు, గొడ్డళ్ళు. ముందు దెల్ఫినా దిగింది. అడవి పెద్ద ఆవిడే, యాభై ఏళ్ళ మనిషి. ఇద్దరు తిర్సోను ఈడ్చుకెళ్ళి బాట మీద పడుకోబెట్టారు. మిగతావాళ్ళు మంటకు ఎదురుగా చెట్లు కొట్టి, నేల గీకి, నల్లమట్టి దారి తీశారు. పొద్దు వాలేసరికి మంట ఆ దారి దగ్గర చచ్చింది. ఆపాటికి మూడువందల చెట్లు బొగ్గయ్యాయి.

ఒస్వాల్దోని పొగలోంచి పట్టి తెచ్చి లారీ చక్రానికి కట్టేశారు. పారల వెనకవైపుతో కొట్టారు. ఒకామె చెప్పు తీసి, చెప్పు తెగేదాకా ముఖం మీద కొట్టింది. కాందిదో అనేవాడు రంపపు మిషను డబ్బా తెచ్చి పెట్రోలు వాడి నెత్తిన కుమ్మరించాడు.

"మంటంటే ఏంటో వీడికీ తెలియాలి," అన్నాడు.

"నేను అంటించలేదు," ఒస్వాల్దో అరిచాడు. "లైటర్లు ఆ ముసలాయన దగ్గరే ఉన్నాయి. అడగండి. జేబులు తడిమాడు కూడా."

దెల్ఫినా తిరిగింది. "నిజమేనా తిర్సో?"

తిర్సో నోరు విప్పలేదు. మూతి వాచిపోయి ఉంది, మాట రాలేదనుకున్నారు. అడవికి నిప్పు పెట్టినవాడి చెట్లు ఊరు లాగేసుకుంటుంది. ఆ కట్టుబాటు పెట్టిన సభలో చెయ్యెత్తిన వాళ్ళలో తనూ ఒకడు. రెండువందల నలభై చెట్లు. అవి పోతే ఈ వయసులో ఎవడు పనిస్తాడు? పైగా వాడు కొట్టిన మోకాలు ఇంకా పేలిపోతోంది. చావనీ, అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు.

"చూశావా, ఆయన అవుననడం లేదు," అని కాందిదో ఒస్వాల్దో చేతిని లారీ మెట్టు కమ్మీ మీద పెట్టి తొక్కాడు. ఎముక విరిగింది. వాడు అరవలేదు, వాంతి చేసుకున్నాడు. కాందిదో అగ్గిపుల్ల తీశాడు.

"జువ్వ నాది," అన్నాడు తిర్సో.

ఎవరికీ సరిగ్గా వినపడలేదు. దెల్ఫినా దగ్గరికొచ్చి వంగింది. "మళ్ళీ చెప్పు."

"జువ్వ చెట్ల మధ్య నుంచి వేశాను. మూడోది పక్కకు పోయింది."

"బండ మీద నుంచి కాదా?"

"కాదు."

ఆవిడ పగిలిన ఆ మూతి మీదే చాచి కొట్టింది. తర్వాత లేచి వెళ్ళి, కాందిదో చేతిలో పుల్ల లాగి విరిచేసింది, కత్తితో తాడు కోసింది. "ఆసుపత్రికి పంపండి వీణ్ణి. ముసలాయన్ని కొట్టినందుకు తర్వాత చూద్దాం." ఒస్వాల్దో విరిగిన చేయి పట్టుకుని లారీ ఎక్కాడు. తిర్సో వైపు చూడలేదు.

మూడు రోజులకు సభ కూడింది. కట్టుబాటు ప్రకారం తిర్సో చెట్లు ఊరు తీసేసుకుంది. చెట్ల కోసం ఎదురుచూసేవాళ్ళ వరసలో ముందున్నది కాందిదో. కాలకుండా మిగిలిన చెట్లు వాడికి వచ్చాయి.

మర్నాడు పొద్దున తిర్సో కర్ర ఊతంతో వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాడు. మోకాలికి చెక్కబద్దలు కట్టి ఉన్నాయి. ఒక్కో చెట్టు దగ్గరా ఆగాడు.

"దీనికి పడమటి వైపు కోయకు. మా నాన్న ఎక్కువ కోసేశాడు. నాలుగేళ్ళు వదిలెయ్."

"సరే తాతా."

"సరే అనడం కాదు. చెయ్యి పెట్టి చూడు, మచ్చ ఎంత లోతుందో."

కాందిదో చెయ్యి పెట్టి చూశాడు. తిర్సో తర్వాతి చెట్టు వైపు కుంటుకుంటూ కదిలాడు.