చీటీకి నాలుగు నిమిషాలు

ఏడో కెర్నెల్ తయారైంది. ఆత్మారాం దాన్ని స్పేర్ మెషీన్‌లోకి ఎక్కించి, ఉత్తుత్తి చీటీ ఒకటి పంపి, గోడ గడియారం వైపు చూశాడు. డిస్కులో రాత పూర్తయ్యేసరికి నాలుగు నిమిషాలు. కాగితం మీద ఏడో వరుసలో ‘చెడ్డది’ అని రాసుకున్నాడు.

యాభై నాలుగేళ్ళ బక్క మనిషి. తల్లి రాధాబాయి నిజామాబాద్‌లో బీడీలు చుట్టి చదివించింది. ఎడపల్లి దాటాక ఉన్న ఈ చక్కెర ఫ్యాక్టరీకి టైపిస్టుగా వచ్చి, కంప్యూటర్ గదిలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాడు. మిగతా విద్యంతా తనంతట తాను పుస్తకాలు చూసి నేర్చుకున్నదే.

డిస్కులో ఏది ఎప్పుడు రాయాలో చూసుకునే లోపలి ప్రోగ్రాం కెర్నెల్. దాన్ని ఆదివారం కొత్తదానికి మార్చారు. సోమవారం నుంచి కాటా మీదికి చెరకు ట్రాక్టర్ ఎక్కితే, సెకనులో రావలసిన బరువు చీటీ నాలుగు నిమిషాలకు వస్తోంది. బండ్ల వరుస కాలువ వంతెన దాటింది. పాతదానికే తిరిగి పోదామంటే, పోయిన నెల వైరస్ దూరింది అందులోని కంతలోంచే. పాతదానికీ కొత్తదానికీ మధ్య వెయ్యి మార్పులున్నాయి. సగం దగ్గర ఒక కెర్నెల్ తయారుచేసి చూస్తే తప్పు ఏ సగంలో ఉందో తెలుస్తుంది. అలా పదిసార్లు చీల్చుకుంటూ పోవాలి. తెల్లవారి ఐదున్నర నుంచి అదే పని.

మేనేజర్ రాజేంద్రప్రసాద్ వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. “డిస్కులో పడేదాకా ఆగడమెందుకండీ? ఆ ఆగడాన్నే తీసెయ్యండి. చీటీ వచ్చేస్తుందిగా.”

“వస్తది సార్. కరెంటు పోయిందనుకోండ్రి, చీటీ రైతు చేతుల ఉంటది, బరువు డిస్కుల ఉండది. అప్పుడేం జవాబు చెప్తం?”

పన్నెండింటి దాకా చూస్తానని, ఆ తర్వాత తనే తీయిస్తానని చెప్పి మేనేజర్ వెళ్ళిపోయాడు.

కిటికీ దగ్గరికి హనుమాయమ్మ వచ్చింది. బోధన్ అవతల కాలువ కింద పొలం ఆమెది. నిన్న పొద్దున్నుంచి వరుసలోనే ఉంది. “గడ ఎండిపోతోంది నాయనా, తూకం పోతుంది. ఇంకెంతసేపు?”

ఆత్మారాం అబద్ధం చెప్పలేకపోయాడు. “పన్నెండు దాక ఆగుండ్రి అమ్మా.”

పదింటికి ఆఫీసు నుంచి ఒక కవరు వచ్చింది. కంప్యూటర్ల పని రేపటి నుంచి హైదరాబాద్ కంపెనీ చూసుకుంటుందట. అతని కాంట్రాక్టు ఈ సాయంత్రంతో సరి. రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నాడు.

కాటా గుమాస్తా పుష్పలత సంగతి విని లోపలికి వచ్చింది. “ఇంక నీకెందుకన్నా ఇదంతా? ఇంటికి పోరాదు.”

“తొమ్మిదోది అయితాంది. జర చూడనియ్యి.”

పదకొండు దాటాక పదోది తేలింది. ఒకే ఒక్క మార్పు మిగిలింది. ఒక రాత వచ్చాక, దాని వెంట మరిన్ని వస్తాయేమో, అన్నీ కలిపి రాద్దామని కెర్నెల్ కాచుకుని కూర్చుంటోంది. కాటా దగ్గర ఒక్క చీటీకి వందల చిన్న రాతలు, ఒకదాని తర్వాత ఒకటి. మొదటిది డిస్కులో పడితేగానీ రెండోది రాదు. అది ప్రతిసారీ ఊరికే కాచుకుంటుంది. వెనక ఇంకో రాత లేకపోతే ఆగవద్దని రెండు లైన్లు రాశాడు. చీటీ సెకనులో పడింది. అది చాలదు. స్పేర్ మెషీన్ చీటీలు రాస్తుండగానే పది సార్లు ప్లగ్గు పీకాడు. పది సార్లూ వచ్చిన చీటీలన్నీ డిస్కులో ఉన్నాయి.

పన్నెండుకు పది నిమిషాలుంది. సరిచేసిన కెర్నెల్ ఎక్కించడానికి అసలు మెషీన్ ఆపాడు. కాటా ఆగింది. బయట హారన్లు మొదలయ్యాయి. మేనేజర్ మళ్ళీ వచ్చి వాచీ చూసుకుంటున్నాడు. నల్లటి తెర మీద అక్షరం రాలేదు. ఆత్మారాం అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. రెండో నిమిషంలో ఒక లైను వచ్చింది, దాని కింద ఇంకొకటి.

హనుమాయమ్మ ట్రాక్టర్ కాటా మీదికి ఎక్కింది. ప్రింటరు గిర్రుమని చీటీ తోసింది. ఆమె దాన్ని చదువుకుని కొంగున ముడేసుకుంది. వెనక వరుసలో ఇంజన్లు ఒకటొకటే మొదలయ్యాయి.

సాయంత్రానికి వంతెన ఖాళీ అయింది. ఆత్మారాం తాను పట్టుకున్న తప్పునూ రాసిన రెండు లైన్లనూ కెర్నెల్ చూసుకునే వాళ్ళకు మెయిల్ చేశాడు. రిజిస్టర్లో సంతకం పెట్టి, తాళాలు పుష్పలత చేతికిచ్చాడు. ఫోన్ మాట్లాడుతున్న మేనేజర్ చెయ్యెత్తాడు. ఇతనూ చెయ్యెత్తి, గేటు దాటి నిజామాబాద్ బస్సెక్కాడు.

గదికి తాళం వేయబోతూ పుష్పలత ఆగింది. ఏసీ చలికి వేసుకునే అతని నీలం స్వెట్టర్, మోచేతుల దగ్గర గోధుమరంగు ఊలుతో మళ్ళీ అల్లినది, తలుపు వెనక మేకుకు వేలాడుతోంది.