కెన్ అన్న మాట

బడి మధ్యలోనే మానేసిన షోనాకు, తన మోటు యాస కూతురికీ అంటుకుంటుందేమోనన్నదే పెద్ద భయం.

ఆర్‌బ్రోత్ ఊళ్లోని పుస్తకాల దుకాణంలో రచయిత్రి మోరాగ్ కినేర్ సంతకం కోసం జనం వీధి చివరిదాకా వరుస కట్టారు. తల్లీకూతుళ్ల వంతు రాగానే నాలుగేళ్ల ఎఫీ రచయిత్రితో, "నువ్వెవరో నాకు కెన్!" అంది.

షోనా పిల్లను గిల్లింది. "ఛీ, అవేం మాటలే! 'తెలుసు' అనాలి. ఏమనుకోకండమ్మా, నేర్పుతూనే ఉన్నాను."

వెనకనున్న ముసలాయన పకపకా నవ్వాడు. "ఓసి పిచ్చిదానా, ఆవిడ పుస్తకం నిండా ఈ మన యాస మాటలే! వాటికేగా లోకమంతా దండం పెడుతోంది!"

పేరు విని వచ్చిందే గాని షోనా ఆ పుస్తకం తెరవనే లేదు. సిగ్గుతో చితికిపోయింది.

"మళ్లీ అను తల్లీ," అని రచయిత్రి బతిమాలినా ఎఫీ పెదవి విప్పలేదు. ఇంటికి వెళ్లాక కూడా విప్పలేదు.

మీరెవరైనా అటు వెళ్తే, ఆ పిల్ల మాట్లాడుతోందో లేదో కాస్త చూసి రండి.