ఎందుకు లేచారు?

ఆస్పత్రిలో ముసలివాళ్లు మంచం దిగి పడిపోవడం మీద డాక్టరు మూడేళ్లు పరిశోధన చేశాడు. ఎనిమిది వందల మంది వయసు, బీపీ, చూపు, వాడే మందులు అన్నీ పట్టికలకెక్కించి, ప్రధాన కారణం నిద్రమాత్రలేనని తేల్చాడు. అదే వార్డులో హెడ్ నర్సు వేరే దారి పట్టింది. పడ్డవాళ్ల పక్కన కూర్చుని, ఎందుకు లేచారని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకుంది.

నివేదికలో చేర్చమని ఆమె ఆ కాగితాలు తెచ్చినప్పుడు డాక్టరు పైపైన తిరగేశాడు.

"ఇవి కబుర్లు సిస్టర్. సైన్సు కాదు."

"పడ్డవాళ్లు చెప్పినవే కదండీ."

"మతిమరుపు మనుషుల మాటలు పట్టుకుని వ్యాసం రాస్తే నలుగురూ నవ్విపోతారు."

ఆమె కాగితాలు తీసుకుని వెళ్లిపోయింది. నివేదిక అచ్చయింది. నిద్రమాత్రలు తగ్గించారు. పడేవాళ్లు ఏదో కాస్త తగ్గారు.

ఏడాది తిరిగేసరికి డాక్టరు అక్క న్యుమోనియాతో అదే వార్డులో చేరింది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. నాలుగో రోజు తెల్లవారుతుండగా పడి తుంటి విరగ్గొట్టుకుంది.

"నిద్రమాత్ర వేసుకున్నావా అక్కా?"

"లేదురా."

"కళ్లు తిరిగాయా?"

"లేదు."

హెడ్ నర్సు వంగి మెల్లగా అడిగింది. "ఎందుకు లేచారమ్మా?"

అక్క మొహం గోడవైపు తిప్పుకుంది. "బాత్రూముకి. పిలుద్దామంటే గంట తల వెనకెక్కడో ఉంది, అందలేదు. పక్క తడిపితే, డాక్టరుగారి అక్క ఇలా చేసిందంటారని... వీడి పరువు పోతుందని."

డాక్టరుకు తలెత్తబుద్ధి కాలేదు. మధ్యాహ్నం నర్సుల గదికి వెళ్లి ఆ కాగితాలు అడిగి తీసుకున్నాడు. నూట పన్నెండు మంది మాటలు. గంట అందలేదు. పిలిస్తే విసుక్కుంటారు. సిగ్గేసింది. పేజీ పేజీకీ అవే.

"నేను వీటిని పక్కన పెట్టాక ఎంతమంది పడ్డారు సిస్టర్?"

"ముప్ఫై నలుగురు. మీ అక్కగారితో కలిపి."

ఆ నెల సమావేశంలో అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాడు. తర్వాత ఇద్దరూ కూర్చుని ఆమె కాగితాలూ అతని పట్టికలూ పక్కపక్కన పెట్టి చూశారు. సాయంత్రం ఒంట్లో నీరు తీసే మాత్ర వేసుకున్నవాళ్లే తెల్లవారుజామున ఎక్కువగా లేస్తున్నారు. ఆ సంగతి విడివిడిగా ఇద్దరికీ దొరకలేదు. మాత్ర పొద్దుటికి మార్చారు, గంట చేతికందేలా మంచానికి బిగించారు. పడేవాళ్లు సగానికి సగం తగ్గారు. కొత్త వ్యాసంలో మొదటి పేరు ఆమెదే.

"నీ పరిశోధన ఎంతమందికి మేలు చేసిందిరా!" అంది అక్క, చేతికర్ర సాయంతో గదిలో అడుగులేస్తూ.

"నాది కాదక్కా, సిస్టర్‌ది" అన్నాడు. ఆ కాగితాలు అక్క పడడానికి ఏడాది ముందే తన చేతికొచ్చాయని మాత్రం చెప్పలేకపోయాడు.