ఎర్ర చుక్కల గడి

కుర్చీలో కూర్చోకముందే ఆయన తన తప్పును తానే గోడకు అంటించాడు. ఎడమ చేతిలో టీ కప్పు. కుడి చేత్తో స్టిక్కర్ల చుట్టలోంచి ఎర్ర చుక్క ఒలిచి, 'బిల్లుల లెక్క' అని రాసిన గడిలో నొక్కాడు. ఆ ఆఫీసులో రాసేది కరెంటు బిల్లులు తయారుచేసే సాఫ్ట్‌వేర్. గోడమీది కాగితంలో దాని ఒక్కో భాగానికి ఒక్కో గడి, తప్పు దొరికిన గడిలో ఒక చుక్క. మిగతా గడులు కడిగిన పళ్లేల్లా ఉన్నాయి. ఆయన గడిలో మాత్రం వేలు పెట్టే చోటు లేదు. స్టిక్కర్ల చుట్ట ఎలాగూ ఆయనకే కావాలి కనుక ఆయన బల్లమీదే ఉండేది.

ఆఫీసులో అందరికీ ఆయన బాబాయి. పల్చబడ్డ జుట్టు, మోచేతుల దగ్గర అరిగిన స్వెటరు, ముక్కుమీద నిలవని కళ్లద్దాలు. ధర మారినా, పన్ను మారినా, రాయితీ మారినా ఆ మార్పు వచ్చి పడేది ఆయన నెత్తినే. అందరూ చెయ్యి పెట్టేది అక్కడే కాబట్టి తప్పులూ అక్కడే. ఇంట్లోనూ అంతే. కూర మాడినా, కుళాయి కారినా భార్య ఆయన్నే అంటుంది. ఇంట్లో ఉండే రెండో మనిషి ఆయనే మరి.

మధ్యాహ్నం మేనేజరు పిలిచాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇవాళ తేలిపోతుందని బాబాయికి తెలుసు.

"తప్పులన్నీ మీ గడిలోనే ఉన్నాయి కదండీ. ఆ భాగం కొత్తవాళ్లతో మొదట్నుంచీ రాయిద్దామనుకుంటున్నాం."

"మరి నేనో?"

మేనేజరు పెన్ను మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. "ఇవాళ్టితో చాలనుకుందాం."

అందరూ మార్చమనేది దాన్నే కదా సార్, అనబోయి బాబాయి ఊరుకున్నాడు. గోడమీద అంత ఎర్రగా కనబడుతుంటే ఎవరు నమ్ముతారు? ఆయనకు బాధే కలిగింది, కోపం రాలేదు.

బయట, తప్పులు వెతికే ఉద్యోగం చేసే అమ్మాయి ఎదురుచూస్తోంది.

"ఇదేం అన్యాయం బాబాయ్! మీ గడి చూడమన్నారు, అదే చూశాను. మిగతావి తెరిచి కూడా చూడలేదు."

"పోనీలేమ్మా. ఇక నీకు తీరికే కదా, వాటినీ చూడు."

బల్ల తుడిచి, స్వెటరు సంచిలో కుక్కుకుని భార్యకు ఫోన్ చేశాడు. "ఇవాళ తొందరగా వస్తున్నా. ఆ కుళాయి సంగతి చూస్తాలే." మెట్లవైపు నడుస్తుంటే ఎవరూ తలెత్తలేదు.

సాయంత్రం ఆ అమ్మాయి పక్క గడిలోని భాగాన్ని కంప్యూటర్లో మొదటిసారి తెరిచింది. ఇల్లు మారినవాళ్ల బిల్లులు ఇంకా పాత ఇంటికే పోతున్నాయి. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. చుక్క కోసం అలవాటుగా బాబాయి బల్ల దగ్గరికి వెళ్లింది. స్టిక్కర్ల చుట్ట అక్కడే ఉంది. తర్వాత తీసేవాళ్ల గోటికి అందేలా దాని కొస కాస్త మడిచి ఉంది.