పేరు పట్టేంత ఖాళీ

నూట పన్నెండో పేరు దగ్గర అబూ రాతిబ్‌కు దగ్గు తెర వచ్చింది. నజ్మీ కీబోర్డు మీద వేలు తీయకుండానే ఆగాడు. పొద్దుటి నుంచి అదే స్వరం నొక్కి నొక్కి అతని ఉంగరపు వేలు మొద్దుబారిపోయింది. కంప్యూటరు మాత్రం ఆ దగ్గును కూడా వదలకుండా తెర మీద గీసుకుంటూ పోతోంది.

ఇర్బిద్ పట్నం బజారులో పెళ్ళిబట్టల దుకాణం పైగది అది. ఇరవై ఏడేళ్ళుగా ఇద్దరికీ అక్కడ ఇదే పని. పెళ్ళికొడుకును ఊరేగింపుగా తెచ్చేటప్పుడు వేసే పాట ఒక్కటే. డోళ్ళు, పిల్లనగ్రోవి, చప్పట్లు అన్నీ నజ్మీయే కీబోర్డు మీద వాయించి కంప్యూటరులోకి ఎక్కించాడు. పాటలో మూడు చోట్ల నాలుగేసి సెకన్ల ఖాళీ ఉంటుంది. ఒకటి పెళ్ళికొడుకు పేరుకు, ఒకటి అతని తండ్రి పేరుకు, ఒకటి పెళ్ళికూతురికి. ఆడపిల్ల పేరు నలుగురిలో పలకడం ఇష్టంలేని ఇళ్ళకు ఆ మూడో చోట ‘ఫలానావారి అమ్మాయి’ అని పడుతుంది. పేర్లు చెప్పి వెళితే చాలు, సాయంత్రానికి పాట తయారు. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు అబూ రాతిబ్ గొంతుతోనే జరిగాయి.

ఆ గొంతులోనే పుండు లేచింది. రేపు కోసి తీసేస్తారు. ప్రాణం దక్కవచ్చు గాని మాట దక్కదని డాక్టరు తేల్చేశాడు. అందుకని వచ్చే పదేళ్ళలో పెళ్ళిళ్ళు చేసుకోబోయే వాళ్ళందరి పేర్లూ ఇవాళే పాడించి దాచుకోవాలి. అవి ఉంటే ఆయన ఇల్లూ గడుస్తుంది, నజ్మీ ఇల్లూ గడుస్తుంది.

“నీ జాబితా తగలెయ్య! తాలీన్ అట, రితాల్ అట. ఇవి పేర్లా, మందుబిళ్ళలా?”

“ఇప్పటి పిల్లలకి అవేగా పెడుతున్నారు, బాబాయ్.”

“పాలు తాగే పిల్లల పేర్లురా అవి! వాళ్ళ పెళ్ళిళ్ళ నాటికి నువ్వుంటావా, నేనుంటానా? ఖుతైబా రాయి, ముతసిమ్ రాయి. ఇప్పుడు మీసాలు దువ్వుకుంటున్న వెధవలు వాళ్ళే.”

నజ్మీ నవ్వి రాసుకున్నాడు. మళ్ళీ మీట నొక్కాడు. ఆ పేర్లు పడే స్వరం తెల్లమీటకూ నల్లమీటకూ మధ్యన ఉంటుంది. పక్కనున్న బొత్తాం నొక్కితే కీబోర్డు స్వరం ఆ సగానికి దిగుతుంది గాని, అబూ రాతిబ్ ఏనాడూ ఆ సగం మీద నిలబడలేదు. వెంట్రుకవాసి పైన పాడతాడు, పైగా “నీ పెట్టె తప్పు పాడుతోందిరా” అంటాడు. గొంతును లాగి సరిచేసే ఉపాయం కంప్యూటరులో ఉంది. నజ్మీ ఎవరికి చేసినా ఆయనకు చేయలేదు. కీబోర్డునే ఆయన దగ్గరికి జరిపాడు.

మధ్యాహ్నానికి గొంతు జీరపోయింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

“ఊరందరికీ పెళ్ళిళ్ళు చేశావు. నీ సంగతేమిట్రా?”

“నలభై తొమ్మిదేళ్ళొచ్చాయి. ఎవరిస్తారు బాబాయ్?”

“అడిగితేగా ఇచ్చేది.”

“అడిగాంగా ఒకసారి.”

పంతొమ్మిదేళ్ళ కిందట పదకొండు మంది పెద్దలను వెంటేసుకుని పక్క ఊరు రమ్‌సాలో ఒక ఇంటికి వెళ్ళింది ఆయనే. ఇచ్చిన కాఫీ ముట్టకుండా కప్పు కింద పెట్టి, పిల్లనిస్తామంటేనే తాగుతామన్నదీ ఆయనే. పెళ్ళిళ్ళలో పెట్టె వాయించేవాడికి ఇవ్వనన్నాడు పిల్ల తండ్రి. కాఫీ అలాగే వదిలేసి లేచొచ్చారు. ఏడాది తిరక్కుండా ఆ పిల్ల పెళ్ళిపాట కూడా ఈ గదిలోనే తయారైంది. నజ్మీ ఏడుపు దిగమింగుకుని వాయించాడు. పేరు చక్కగా కుదిరింది.

“ఉండు, టీ తెస్తా” అంటూ నజ్మీ కిందికి దిగాడు. కంప్యూటరులో రికార్డింగు ఆపడం మరిచిపోయాడు. సేజ్ అనే మందాకు వేసి కాచిన టీ పట్టుకుని వచ్చేసరికి పెద్దాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. గుటక గుటకకూ మొహం చిట్లించుకుంటూ తాగాడు. ఆ తరవాత మరో డెబ్బై పేర్లు లాగించి, ఇక తన వల్ల కాదన్నట్టు చెయ్యి ఊపాడు.

“రేపటి నుంచి నిన్ను తిట్టే నోరుండదు. హాయిగా బతుకు.”

“సైగలతో తిట్టు బాబాయ్. నాకర్థమవుతుంది.”

మెట్టు మెట్టుకూ ఆగుతూ ఆయన దిగిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన కొడుకు రాతిబ్ ఫోన్ చేశాడు. మత్తులోంచి నాన్న లేవలేదన్నాడు. ఆ సాయంత్రమే మట్టి చేశారు.

మూడు రోజుల పరామర్శలు అయ్యాక, నాలుగో రోజు నజ్మీ పేర్లు విడదీయడానికి కూర్చున్నాడు. దగ్గులు కత్తిరించాడు, తిట్లు కత్తిరించాడు. టీ కోసం దిగినప్పటి ఖాళీని కూడా తీసేయబోతూ, మధ్యలో గీత ఉబ్బి ఉండడం చూసి ఆగి విన్నాడు.

కుర్చీ కిర్రుమంది. ఎవరో ఒంటివేలితో కీబోర్డు మీట నొక్కారు. ఆపైన జీరగొంతు అందుకుంది. మొదటి చోట “నజ్మీ” అని పాడింది. నజ్మీ తండ్రి ఏనాడో పోయాడు. రెండో చోట ఆయన తన పేరే పాడాడు. మూడో చోట పేరేమీ లేదు. ఆ నాలుగు సెకన్లూ రాగం మాత్రం తీసి, మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడగానే ఆపేశాడు. ఆ చప్పుడు నజ్మీదే.

నజ్మీ భోరుమన్నాడు. కింద పెళ్ళిబట్టల బేరాలు సాగుతూనే ఉన్నాయి.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని ఆ ముక్కను జాగ్రత్తగా విడదీశాడు. ఏ స్వరమూ సరిచేయలేదు. తన పేరు పెట్టి దాచగానే కంప్యూటరు దాన్ని అరబ్బీ అక్షరాల వరుసలోకి సర్దేసింది. జాబితాలో నిదాల్‌కూ నయీమ్‌కూ మధ్య అది కూర్చుంది, పన్నెండు సెకన్ల నిడివితో.