రెండోసారి నొక్కకుండా

సీటీ స్కాన్ గదిలో ఆ ఉదయం జరగవలసిన పనులు: యంత్రాన్ని వేడెక్కించాలి. బల్ల తుడవాలి. మెట్ల కింది గదిలోంచి, యంత్రాన్ని పరీక్షించే అక్రిలిక్ దుంగలు రెండూ మోసుకురావాలి. పెద్దది పెద్దవాళ్ల పొట్టకు బదులు, చిన్నది పిల్లల తలకు బదులు. రాజధాని ట్యూనిస్ నుంచి వచ్చే తనిఖీ అధికారికి టీ పెట్టాలి. ఈ రోజు బిడ్డలెవరూ రాకూడదని అల్లాను వేడుకోవాలి.

ఆ చివరి పని ఎవరూ చెప్పలేదు. అటెండరు ఖమైస్ తనకు తానే పెట్టుకున్నాడు.

పోయినసారి తనిఖీలో చిన్న దుంగ దగ్గరే యంత్రం తప్పింది. పిల్లలకు ఇవ్వదగ్గ రేడియేషన్ మోతాదు దాటింది. ఈసారీ దాటితే ఈ తతావీన్ ఊళ్లో ఇక స్కాన్ ఉండదు.

అధికారి దుంగ రంధ్రంలో కొలిచే కడ్డీ దూర్చి స్కాన్ చేశాడు. అంకె పరిమితి లోపలే ఉంది. ఆయన సంతకం పెట్టి వెళ్లగానే టెక్నీషియన్ హెదియా నవ్వింది.

"గట్టెక్కాం బాబాయ్! ఇంకా ఆ మొహమేంటి, ఒంటె తొక్కినట్టు?"

"దుంగ ఏడవదు కదమ్మా," అన్నాడు ఖమైస్.

ఆ లెక్క ఒక్క స్కాన్‌కే. బిడ్డ కదిలితే బొమ్మ చెదురుతుంది. మళ్లీ బటన్ నొక్కాలి. మోతాదు రెండింతలు. నాలుగేళ్ల వయసులో అతని కూతురు సొందొస్‌కు ఇదే గదిలో, పాత యంత్రం కింద, మూడుసార్లు నొక్కారు. ఆమెకిప్పుడు పెళ్లయింది, సూస్ పట్నంలో ఉంటోంది, ఏ జబ్బూ లేదు. అయినా ఫోన్‌లో 'కాస్త జ్వరం నాన్నా' అంటే చాలు, ఖమైస్ గంటకోసారి తిరిగి ఫోన్ చేస్తాడు. గేటు దగ్గర సుఖమైన పని ఇస్తామన్నా ఈ గది వదల్లేదు.

మధ్యాహ్నం రనీమ్ అనే ఆరేళ్ల పిల్లను తెచ్చారు. మేడ మీంచి పడింది, వాంతులు ఆగడం లేదు. బల్ల ఎక్కించగానే గింజుకుంది. తల్లి గోడకు అతుక్కుపోయి దువా చదువుతోంది.

"నొక్కేస్తా బాబాయ్. చెదిరితే ఇంకోసారి తీద్దాం," అంది అద్దం వెనకనుంచి హెదియా.

"ఆగు! ఆగవే తల్లీ!"

ఖమైస్ జేబులోంచి పెన్ను తీసి, కట్టు టేపు ముక్క మీద చీమను గీశాడు. పిల్ల కళ్లకు సూటిగా, యంత్రపు వలయం అంచున అంటించాడు.

"ఇది దొంగది. మనం చూడనప్పుడే కదులుతుంది. పట్టుకుంటావా?"

"కుడుతుందా?"

"నువ్వు కదిలితేనే."

"నీకూ భయమేనా తాతా?"

"చచ్చేంత! అందుకే నిన్ను కాపలా పెట్టి పారిపోతున్నా."

రనీమ్ గుడ్లప్పగించి చూసింది. ఖమైస్ తల్లిని వెంటబెట్టుకుని బయటికి రాగానే తలుపు మూసుకుంది. వలయం తిరిగింది. అద్దం ఇవతల ఖమైస్ కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

"చాలు బాబాయ్, బొమ్మ బాగా వచ్చింది. తల లోపల నెత్తురు కారలేదు," అంది హెదియా.

ఖమైస్ గోడకు చేరగిలి నేలమీదే కూర్చుండిపోయాడు. కాస్త టీ ఇమ్మన్నాడు. ఆమె తెచ్చేసరికి తల పక్కకు వాలి ఉంది. నిద్రపోయాడనుకుని, గ్లాసు చప్పుడు కాకుండా పక్కన పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం జుహర్ నమాజు తర్వాత ఖమైస్‌ను ఖననం చేశారు.

బిడ్డను ఎత్తుకుని ఎప్పుడైనా ఆ గదికి వెళ్తే ఖమైస్‌ను ఒక్కసారి తలుచుకోండి. వలయం అంచున ఆ టేపు ముక్కను ఇంకా ఎవరూ పీకలేదు. తొందరలో గీసిన చీమ, కాళ్లు ఐదే.