పథ్యం లేని రోజులు

ఆమె పనిచేసేది ఎండుపళ్ల కొట్టులో. పంతొమ్మిదేళ్లుగా అదే వెనకగది, కిటికీ పక్కన అదే ఎత్తుపీట. ఖర్జూరాలను చీల్చి, గింజ తీసి, లోపల పురుగుందేమో వెలుతురుకు పెట్టి చూసి, గట్టివి ఒక పళ్లెంలోకి, మెత్తనివి ఇంకో పళ్లెంలోకి వేయాలి. సాయంత్రానికి వేళ్లు ఒకదానికొకటి అంటుకుపోయేవి. పెళ్లి చేసుకోలేదు. నా అన్నవాళ్లు ఆమెకు తమ్ముడూ, వాడి భార్యా, కాలేజీకి వెళ్లే వాళ్ల కూతురూ.

తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. చిన్నప్పుడు గింజలు ఏరుకున్నట్టు తినేవాడని ఆమె వాడికి పిచ్చుక అని పేరు పెట్టింది. తల్లి పోయాక ముద్దలు కలిపి పెట్టిందీ ఆమే. అలాంటి వాడికి నలభై ఆరో ఏట రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ మిషను దగ్గర్నుంచి ఇంటికొచ్చేసరికి పిండి ఆరేసిన చొక్కాలా ఉండేవాడు.

వాడి ఒంట్లో బలం లేదని ఆమె తీర్మానించుకుంది. బలం ఎందులో ఉంటుందో ఆమెకు తెలియనిదా? ఆదివారం పొద్దున్నే ఖర్జూరం, అంజీర కలిపి రోట్లో దంచేది. బాదం, జీడిపప్పు, గుమ్మడి గింజలు కచ్చాపచ్చాగా నలిపి అందులో కలిపేది. చేతికి రెండు చుక్కల నెయ్యి రాసుకుని ఉండలు చుట్టి, ఎండుకొబ్బరి తురుములో దొర్లించేది. పొయ్యి వెలిగించే పని లేదు, పంచదార ఊసు లేదు. డబ్బా నింపుకుని, రెండు బస్సులు మారి తమ్ముడి ఇంటికి వెళ్లేది.

ఆమె ఎదురుగా కూర్చుంటే వాడు ఒకటి తినేవాడు.

"ఇంకోటి తినరా."

"తర్వాత తింటాలే అక్కా. దాచుకు తినాలి ఇలాంటివి."

మరదలు డబ్బా తీసుకుని లోపలికి వెళ్లిపోయేది. ఒక్క మంచిమాట కూడా అనదేమని ఆమెకు కొంచెం కష్టంగానే ఉండేది.

అలా అయిదు ఆదివారాలు గడిచాయి. అయిదో ఆదివారం మర్నాడు తమ్ముడికి కాళ్లు నిలవలేదు. ఛాతీలో గుండె ఆగి ఆగి కొట్టుకుంటోందని చెప్పాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం పట్టుకుని వచ్చింది.

"పొటాషియం ఇంత పెరిగిందంటే ఏదో తినే ఉంటారు. ఏం పెట్టారు?"

మేనకోడలు నేలచూపులు చూస్తూ, "అత్త చేసిన ఉండలు," అంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. ఖర్జూరం, అంజీర, బాదం మంచి తిండే అంది. అయితే వాటిలో పొటాషియం ఎక్కువ, దాన్ని బయటికి పంపే కిడ్నీలు ఈయనకు లేవంది. "ఏం తినకూడదో మొదటి వారమే రాసిచ్చాం కదమ్మా," అని వెళ్లిపోయింది.

రెండు రోజులకు తమ్ముడు తేరుకున్నాక ఆమె మంచం పక్కన కూర్చుని అడిగింది.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"మరెందుకు తిన్నావురా?"

"నువ్వు నా నోటివంకే చూస్తూ కూర్చుంటావు కదక్కా." తల దిండుకు ఆనించి, "బాగున్నాయి కూడా. పథ్యం తిండి గడ్డిలా ఉంటోంది," అన్నాడు.

ఆమె మరదలి వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పొచ్చు కదమ్మాయ్."

"చెప్పొద్దని ఈయన ఒట్టేయించుకున్నారు వదినా. మీరు వెళ్లగానే డబ్బా వాచ్‌మన్‌కి ఇచ్చేసేదాన్ని. మొన్న ఆదివారం నాకు జ్వరమొచ్చి పడుకున్నాను. లేచి చూస్తే సగం డబ్బా ఖాళీ."

ఇన్నాళ్లూ తను మనసులో తిట్టుకున్న మనిషి తన తమ్ముడి ప్రాణాన్ని ఎలా కాస్తూ వచ్చిందో ఆమెకు అప్పుడు అర్థమైంది.

ఆ పథ్యం కాగితాన్ని ఆమె కంఠతా పట్టింది. కూరగాయల్ని ఎంతసేపు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు ఎన్నిసార్లు పారబోయాలో మరదలి దగ్గర నేర్చుకుంది. ఆదివారాలు తొక్క తీసిన ఆపిల్ ముక్కలు పట్టుకెళ్లేది. మిగిలిన ఆరు రోజులూ మాత్రం చేతినిండా ఖర్జూరాలే.

ఏడాది తిరిగేసరికి తమ్ముడి గుండె మిషనుకు తట్టుకోలేని స్థితికి వచ్చింది. మిషను మీద ఉండగానే రెండుసార్లు స్పృహ తప్పాడు. ఇక డయాలసిస్ చాలని వాడే అన్నాడు. డాక్టరమ్మ ముగ్గురినీ కూర్చోబెట్టి, ఇంటికి తీసుకెళ్లమంది.

"ఇంక పథ్యం అక్కర్లేదు. ఏది అడిగితే అది పెట్టండి."

ఆ మాట వినగానే ఆమెకు ఒక్క క్షణం నిజంగానే సంతోషం కలిగింది. పక్కనున్న మరదలి మొహం చూశాక గాని ఆ మాటకు అర్థం తట్టలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు తమ్ముడు అడిగాడు. "అక్కా, ఆ ఉండలు చేసిపెట్టు."

"నా వల్ల కాదురా. ఇంకేదైనా అడుగు."

"ఇంకేం అడగను?"

ఆమె వంటింట్లోకి వెళ్లి గోడకానుకుని నిలబడింది. కాసేపటికి మరదలు బజారు నుంచి ఖర్జూరాల పొట్లం, జీడిపప్పు తెచ్చి ముందు పెట్టింది. "గింజలు నేను తీస్తాను వదినా. మీరు కలపండి."

ఇద్దరూ వాడి మంచం పక్కనే నేలమీద కూర్చుని చేశారు. వాడు నమల్లేడని ఆమె అన్నీ వెన్నలా నూరింది. చిన్న ఉండ చుట్టి నోట్లో పెడితే సగమే తీసుకున్నాడు. చాలాసేపు నోట్లో ఉంచుకుని మింగాడు.

"జీడిపప్పు తగ్గించావేం?" అన్నాడు.

"తగ్గించలేదురా. నూరేసరికి కలిసిపోయింది."

"పిసినారివి," అని కళ్లు మూసుకున్నాడు.

ఆరో రోజు మధ్యాహ్నం, కూతురు ఫోన్లో తోటి మెకానిక్కులు పంపిన కబుర్లు చదివి వినిపిస్తుండగా వాడి ఊపిరి ఆగిపోయింది. డబ్బాలో మిగిలిన ఉండల్ని పారేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. పిల్ల రోజుకొకటి తీసుకుని కాలేజీకి పట్టుకెళ్లింది.

నెల తర్వాత ఆమె మళ్లీ పనిలోకి వెళ్లింది. ఏరిన పళ్లేలు కొట్టు ముందుకు తెచ్చినప్పుడు జబ్బుమనిషికని ఎవరైనా అడిగితే, "డాక్టర్ని అడిగారా?" అనడం అలవాటైంది. యజమాని విసుక్కున్నా మానలేదు. ఒకరోజు ఓ అమ్మాయి వచ్చి, వాళ్ల నాన్నకు ఖర్జూరాలు కావాలంది.

"డాక్టర్ని అడిగావా అమ్మా?"

"అడిగానండీ. నిన్నే ఇంటికి పంపించారు. ఇప్పుడు ఏదైనా పెట్టొచ్చన్నారు." ఆ అమ్మాయి నవ్వుతోంది.

ఆమె పళ్లెంలోంచి బాగా మెత్తనివి ఏరి, ఒక్కొక్కదానికీ తొక్క ఒలిచి, పొట్లం కట్టి ఇచ్చింది.

"నమలక్కర్లేకుండా నూరి పెట్టు. ఇవాళే పెట్టమ్మా," అంది.